తెల్ల మాత్ర మింగిన మనిషి

బైరాగి భవానీపూర్ కార్పొరేషన్ క్వార్టర్స్‌లోనే పుట్టాడు. తండ్రి శ్రీకాకుళం నుంచి వచ్చి మ్యాన్‌హోల్ పనికి కుదిరిన మనిషి. ఆయన ఊపిరి చెడి మంచాన పడ్డాక ఆ పని పద్దెనిమిదేళ్ల కొడుక్కి వచ్చింది. బెంగాల్‌లో ఎర్రజెండా సర్కారు వచ్చిన తొమ్మిదో ఏటికి బైరాగి పదహారేళ్లుగా నడుముకి తాడు కట్టుకుని నల్లనీళ్లలోకి దిగుతున్నాడు. మాట తక్కువ. పని అయ్యాక ఒళ్లు రెండుసార్లు సబ్బుతో తోముకుంటే గాని గుమ్మం తొక్కేవాడు కాదు. తాగేవాడు, కానీ తాగి తిన్నగా ఇంటికే వచ్చేవాడు. అతని భార్య దాలమ్మ నలుగురిలో గొప్పగా చెప్పుకునేది ఆ ఒక్క సంగతే.

ఆ వానాకాలంలో అతని మర్మాంగం మీద పుండు లేచింది. అంతకు ముందూ రెండుసార్లు అక్కడే లేచి, పది పన్నెండు రోజుల్లో మాని, నల్లటి మచ్చ మిగిల్చింది. అప్పుడు దాచాడు. ఈసారి లుంగీకి అంటిన మరక దాలమ్మ కంట పడింది.

"ఎవుతి కాడికెల్నావు?"

"ఎక్కడికీ ఎల్నేదు."

"ఎల్లకపోతే గాల్లోంచొచ్చినాదేటి?"

అతను లుంగీ లాక్కుని కొళాయి దగ్గరికి నడిచాడు. దాన్నే ఆమె ఒప్పుకోలుగా తీసుకుంది. బడ్జ్ బడ్జ్ జూట్ మిల్లులో పనిచేసే అన్న కోదండానికి కబురు పంపింది. ఆదివారం వచ్చి తీసుకుపోతానని అతను తిరుగు కబురు చేశాడు.

బైరాగి తన జతగాడు పోలయ్యకి చెప్పుకున్నాడు. లోపలున్నవాడి తాడు పైన పట్టుకునేవాడు పోలయ్యే.

"మంటుందేటి?"

"సచ్చే మంట."

"అయితే అదే. ఆడోళ్ల కాడ తగిలిందే మండుతాది. మొన్న పండక్కి నాకూ ఒకటి లేచినాది. బటానీ అంత, గట్టిగా. నొప్పే నేదు, దానంతటదే మానిపోనాది. అది ఒట్టి వేడి. నీది వేడి కాదొరే బైరాగీ." పోలయ్య నవ్వాడు. "మాటాడనోడివని నమ్మినాం గాని!"

సోమవారం బైరాగి ముఖానికి గంచా తువ్వాలు చుట్టుకుని పెద్దాసుపత్రి చర్మవ్యాధుల వరసలో నిలబడ్డాడు. ఆ వరస సుఖరోగాలకేనని ఊరందరికీ తెలుసు.

డాక్టరు ముసలి బెంగాలీ. చేతికి తొడుగు వేసుకుని పుండు అంచు నొక్కాడు, గజ్జల్లో తడిమాడు. గట్టిదనం లేదు, బిళ్లలు లేవు. గుత్తులుగా నీటిపొక్కులు ఉన్నాయా అని అడిగాడు. లేవు. అంచు చిరిగి చీము కారిందా? లేదు.

"ఎప్పుడూ ఇక్కడేనా, భాయ్?"

"ఇక్కడే, బాబూ."

"లేవడానికి ముందు ఏం మందు మింగావు?"

ఆ మాట అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. వానాకాలంలో మురుగునీళ్లు నోట్లోకి పోతాయి, విరేచనాలు పట్టుకుంటాయి. వార్డు కంపౌండరు ఇచ్చే తెల్ల మాత్రలు మ్యాన్‌హోల్ పనివాళ్ల ముఠా దాచుకుంటుంది. రోగం వచ్చాక మింగడం కాదు, పొంగిన మ్యాన్‌హోల్‌లోకి దిగబోయే ముందే తలా ఒకటి వేసుకుంటారు. బైరాగి జేబులోంచి ఒకటి తీసి చూపించాడు.

"సల్ఫా మందు. ఇది నీ ఒంటికి పడదు. మింగినప్పుడల్లా ఆ మచ్చ మీదే లేస్తుంది. ఇక జన్మలో ముట్టుకోకు. ప్రతిసారీ ఇంత తేలిగ్గా పోదు." అయినా రక్తం తీయించాడు. వెళ్లబోతున్న బైరాగి తలుపు దగ్గర ఆగి, నొప్పి లేని గట్టి పుండు సంగతి ఎవరిదో అన్నట్టు అడిగాడు. డాక్టరు ముఖం మారింది. "అదే సవాయి, అసలు సుఖరోగం. పుండు మానుతుంది, రోగం రక్తంలో ఉంటుంది. ఆ మనిషిని పంపు. సూదిమందుతో పోతుంది."

మర్నాడు పోలయ్యతో ఆ మాట చెప్పాడు. పోలయ్య నవ్వలేదు. బీడీ నేలకి నలిపి, "మా ఆడదానికి కూడా అంటినట్టేనా?" అన్నాడు.

శనివారం రక్తంలో ఏ దోషమూ లేదని కాగితం వచ్చింది. బైరాగి దాన్ని దాలమ్మ ముందు పెట్టాడు. ఇద్దరికీ చదువు రాదు.

"కాగితానికేటి, ఏది రాయమంటే అది రాస్తారు. నువ్వా వరసలో నిలబడ్డావని ఈదంతా సెప్పుకుంటన్నాది."

"మాత్ర వల్లంట."

"ముఠా అంతా మింగుతారు కదా? ఎవుడికీ రానిది నీకే వచ్చినాదా?"

ఆదివారం పొద్దున ఆమె మూట కట్టుకుంటోంది. బైరాగి చొక్కా జేబులోంచి మాత్ర తీశాడు.

"దాలమ్మా, ఇటు సూడు. ఈ గది దాటను. నువ్వు గుమ్మంలో కూకో. మీయన్నొచ్చేదాకా సూడు."

మింగేశాడు. డాక్టరు వద్దన్నాడని ఆమెకు చెప్పలేదు.

ఆమె నిజంగానే గుమ్మంలో కూర్చుంది. మధ్యాహ్నానికి అతను గోడకి ఆనుకుని మోకాళ్లు పట్టుకున్నాడు. ఆమె లేచి వచ్చి చూసింది. మానుతున్న పుండు చుట్టూ ఎర్రగా ఉబ్బింది. తర్వాత పెదవి వాచింది. నాలుక మీద, వేళ్ల సందుల్లో పొక్కులు లేచాయి. ఇంతకుముందు ఎప్పుడూ అలా కాలేదు.

"ఓలమ్మో, సాలు! నమ్మినాను, నమ్మినాను!" అంటూ నోట్లో నీళ్లు పోసింది. అవి అతని గొంతు దిగలేదు.

కోదండం నాలుగింటికి వచ్చాడు. చెప్పులు విప్పబోయి బైరాగి ముఖం చూసి ఆగిపోయాడు.

"నోటికి కూడా ఎక్కీసినాదా?"

"మాత్రన్నా! నా కళ్లెదట మింగినాడు."

"మాత్ర మింగితే అక్కడ పుండొస్తాదేటే? ఎవులికి సెప్తావా మాట?"

"నాను రాను, అన్నా."

"సరే. ఈ రోగం ఒగ్గేదాకా మా గుమ్మం తొక్కకు. పిల్లలున్న ఇల్లు."

  కోదండం వచ్చిన బస్సుకే తిరిగి వెళ్లిపోయాడు.

దాలమ్మ మూట విప్పి అందులోంచి ఉతికిన గంచా తీసింది. అతని నోరు తుడిచి, చెయ్యి తన భుజం మీద వేసుకుని ఆసుపత్రికి బయల్దేరింది. కొళాయి దగ్గర ఉన్న ఆడవాళ్లు మాటలు ఆపేసి, బిందెలు దగ్గరికి లాక్కుని దారి ఇచ్చారు.