ఇప్ప నూనె కోసం ములకలపల్లి దాకా

పొద్దున ఆరున్నరకు ఖమ్మం బస్టాండులో కొత్తగూడెం బస్సెక్కాను. పాల్వంచలో పని ఉందని మాత్రమే మా ఆవిడ సరోజకు చెప్పాను. ఏం పని అని ఆమె అడగలేదు.

అసలు సంగతి అంతకు ముందు ఆదివారం నాటిది. మా తమ్ముడి మనవరాలికి పేరు పెట్టే రోజు. పాపను అందించబోతే సరోజ రెండు చేతులూ కొంగు కిందికి తీసుకుంది. "నా చేతులు గీసుకుంటయమ్మా, వద్దు" అని నవ్వింది. చలి మొదలైతే ఆమె అరచేతులు పగుళ్లిస్తాయి. పట్టుచీర ముట్టుకుంటే దారం లేస్తుంది. కొబ్బరి నూనె, మందుల షాపులో ఇచ్చిన క్రీములు, అన్నీ అయ్యాయి. చిన్నప్పటి నుంచి ఆమెకు పడేది ఇప్ప నూనె ఒక్కటే. అది మా ఇంట్లో లేకుండా చేసింది నేను.

పెళ్లయిన కొత్తలో పడుకునే ముందు సరోజ చేతులకూ కాళ్లకూ అది రాసుకునేది. ములకలపల్లి అవతల, అడవి అంచున పెరిగిన మనిషి. నేను ఏన్కూరులో పొలాలున్న ఇంటివాణ్ని. ఆ గర్వం అప్పట్లో కొంచెం ఎక్కువే ఉండేది. "ఏంటీ కంపు? అడవిని మంచం మీదికి తెచ్చావా?" అని గోడవైపు తిరిగి పడుకున్నాను. మర్నాటి నుంచి సీసా కనబడలేదు. నా మీద చెయ్యి వేసి పడుకోవడం కూడా ఆమె ఆ చలికాలంలోనే మానేసింది. ఆ చెయ్యి కోసం ఇప్పటికీ ఒక్కోసారి నిద్రలో తడుముకుంటాను.

కొత్తగూడెంలో దిగి ఇడ్లీ తిన్నాను. ములకలపల్లి వెళ్లే బస్సు ముప్పావు గంటకు వచ్చింది. ఆ తర్వాత షేర్ ఆటోనే గతి. ఈ దారిన వచ్చేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: నాలుగు దాటితే ఊళ్లనుంచి తిరుగు ఆటో దొరకడం కష్టం.

ఆటోలో ఒళ్లో కోడిని పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవలింటికి సారూ?"

"ముత్తమ్మ ఇంటికి."

"ఎందుకూ?"

"ఇప్ప నూనెకు."

"గందుకు ఖమ్మం నుంచి వచ్చినవా? బాగనే ఉంది" అంది. కోడిని కొంచెం జరిపి నాకు చోటిచ్చింది.

ముత్తమ్మ సరోజకు చిన్ననాటి స్నేహితురాలు, కోయ ఇంటి ఆడపడుచు. నా పెళ్లిలో చూడటమే, మళ్లీ ఇదే. నేను వెళ్లేసరికి వాళ్ల పెరట్లో నూనె తీస్తున్నారు. దంచిన ఇప్ప గింజల పిండిని ఆవిరి మీద ఉడికించి, చిన్న బుట్టలో కుక్కి, రెండు దుంగల మధ్య పెట్టారు. పై దుంగ చివర మనుషులు కూర్చుంటే ఆ బరువుకు నూనె దిగుతుంది.

"సరోజక్క మొగుడివి కదా! రా బావా, నిలబడితే ఏమొస్తది? ఎక్కి కూసో" అంది ముత్తమ్మ. కూర్చున్నాను. బుట్టలోంచి లేత పసుపు నూనె సన్నగా కారసాగింది. ముత్తమ్మ అత్త కోయ భాషలో ఏదో అంటే అందరూ పకపకా నవ్వారు.

"ఏమంటోంది?"

"ఖమ్మం తిండి ఇయ్యాల మా ఇంటికి పనికొచ్చిందట."

నేనూ నవ్వాను. ఆ వాసన మాత్రం నవ్వనివ్వలేదు. తీపిగా, కొంచెం పొగచూరినట్టు, నా పాతికేళ్ల వయసు వాసన అది. దీన్ని కదా నేను కంపు అన్నది!

జొన్నరొట్టె, పప్పు తిన్నాక సీసా అడిగాను. ముత్తమ్మ ఇవ్వలేదు.

"పోసిస్తే ఏం చేస్తవ్? నీకు వాసన పడదంట కద."

"ఆమె చెప్పిందా?"

"చెప్పకపోతే మాకు తెల్వదా? ఏడాదికోపారి పుట్టింటికొస్తే నా కాడికొస్తది. ఉన్న రెండ్రోజులూ తడి చేతుల మీద రాసుకుంటది. చేతులు పట్టులెక్క అయితయి. పోయే రోజు బోరింగు కాడ కూసోని సబ్బుతోటి రుద్ది రుద్ది కడుగుతది. ఎందుకక్కా అంటే, బావకు తలనొప్పొస్తదే అంటది."

ప్రతిసారీ బస్సు దిగి వచ్చిన సరోజ చేతులు ఎర్రగా కందిపోయి ఉండటం నేను చూసినదే. ఊళ్లో పొలం పని చేసిందేమో అనుకునేవాణ్ని.

"తప్పు నాదే ముత్తమ్మా" అన్నాను.

"నాకెందుకు చెప్తవ్? చెయ్యి పట్టు."

చెంబెడు నీళ్లు నా చేతుల మీద పోసి, చెమ్మ ఆరకముందే నూనె వేసింది. "మోచేతుల దాక రాసుకో. మడిమలకు కూడ. చలికి గడ్డకడితే చెడిపోయిందనుకోని పారబొయ్యకు, అరచేతుల్ల రుద్దు, కరుగుతది." అప్పుడు సీసా నింపింది. పైసలు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "మా అక్కను ఈసారి కడుక్కోకుంట పోనియ్యి. గదే."

మూడున్నర ఆటో దొరికింది. కొత్తగూడెంలో ఖమ్మం బస్సు ఎక్కేసరికి చీకటి పడుతోంది. పక్క సీటు యువకుడు రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, "ఏందన్నా ఈ వాసన?" అన్నాడు. "నాదే" అన్నాను. కిటికీ తెరుచుకున్నాడు. చలిగాలి కొట్టింది.

జూలూరుపాడు దాటాక సరోజ ఫోను.

"యాడున్నవ్?"

"ముత్తమ్మ ఇంటి నుంచి వస్తున్నా. నూనె తెస్తున్నా. నా చేతులకు కూడా రాసి పంపింది."

ఫోను కట్ అయిందేమోనని చూసుకున్నాను. లేదు.

"స్నానానికి నీళ్లు కాగబెట్టనా?" అంది మెల్లగా.

"వద్దు. కడుక్కోను."

"సీసా నిలబెట్టి పట్టుకో. పండబెడితే కారుతది" అంది. పెట్టేసింది.

సంచిలోంచి తీసి, రెండు చేతులతో పట్టుకుని ఒళ్లో నిలబెట్టుకున్నాను. ఎన్నోసార్లు తిరిగిన రోడ్డే, ప్రతి మలుపూ తెలిసిందే. అయినా ఖమ్మం నాకు ఇంత దూరమని ఎప్పుడూ అనిపించలేదు.