పేర్లు అయిపోయేదాకా

మా మేడ మీద ఉండే మామ గడచిన నెలలో ఒక మంగళవారం పొద్దున పోయారు. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చున్నారట. అంతే. ముందురోజు మాధవరం నుంచి వచ్చి ఉన్న ఆయన కూతురు ఈ మాట చెప్పింది నాతో కాదు, మెట్ల మీద నిలబడి ఫోనులో ఇంకెవరితోనో. నేను కింద కొళాయి దగ్గర బిందె పట్టుకుని ఉన్నాను. అట్లా నాకు తెలిసింది.

మామ అన్నానే గాని చుట్టరికం ఏమీ లేదు. తొండియార్‌పేటలో మా ఇంటి పైభాగంలో పదకొండేళ్లు అద్దెకున్నారు, భార్య పోయాక ఒంటరిగా. ఆ రోజు పైన జనంలో ఒక పెద్దామె నన్ను చూసి, "నువ్వేం కావాలమ్మా ఆయనకి?" అని అడిగింది. "కింద పోర్షనండీ" అన్నాను. ఆమె తల ఊపి, గుమ్మం దగ్గర చెప్పుల పక్కన చోటు చూపించింది. ఆయన కోసం నా చేత్తో ఒక్క పనైనా చేయాలని ఆ రోజంతా చూశాను. ఐసు పెట్టె ఎవరో తెచ్చారు. పూలు అల్లుడు తెచ్చాడు. కాఫీ పక్కవీధి హోటలు నుంచి వచ్చింది. నా వంతుకు ఏదీ రాలేదు.

మామ ఉద్యోగం ఇంగ్లీషు సినిమాలు తెప్పించి ఊరూరికీ పంపే ఒక కంపెనీలో. ఊళ్లు తిరిగి వచ్చిన ఫిలింను బల్ల మీద పెట్టి, దాని అంచును రెండు వేళ్ల మధ్య జారనిస్తూ తిప్పాలి. చిరుగు తగిలితే ఆగాలి. పాడైన ముక్కను కత్తిరించి, రెండు కొసలూ గీకి, జిగురు రాసి అతికించాలి. ముప్పై ఏళ్లు అదే పని. తెర మీద సినిమా చూసినవాళ్లకు హీరో గుర్తుంటాడు. బొమ్మ బొమ్మగా చేతిలో చూసిన మామకు హీరో వెనక నిలబడ్డవాళ్లు గుర్తున్నారు. హోటలు గుమాస్తా, లిఫ్టు నడిపేవాడు, ఉత్తరం తెచ్చి గుమ్మంలో తచ్చాడే పనిమనిషి. ఆ పాతకాలంలో ఆ ఇంగ్లీషు సినిమాలు తీసే స్టూడియోలు ఇట్లాంటి నటులను జీతాలకు పెట్టుకునేవట. పొద్దున ఒక సినిమాలో డాక్టరు, మధ్యాహ్నం ఇంకోదానిలో దొంగ.

ఆయన మొదటిసారి మా హాల్లోకి వచ్చింది నీళ్ల మోటారు గురించి మాట్లాడడానికి. నేను చిక్కుళ్లు ఒలుస్తూ టీవీ మారుస్తున్నాను. నలుపు తెలుపు బొమ్మ ఒకటి పడింది.

"మార్చొద్దు, మార్చొద్దు అమ్మణ్ణీ! ఆ లిఫ్టు కాడ నిలబడుండాడే, వాణ్ణి చూడు."

"ఎవరు మామా వాడు?"

"ఎవరో! పేరు నాకూ తెలీదు. మొగం మాత్రం నా చేతిలో ఎన్నిసార్లు తిరిగిందో."

"నాకు ఇంగ్లీషు అంత రాదు మామా."

"మాటలెందుకు, మొగం చూడు. హీరోని దేవుడు చూసుకుంటాడు. తలుపు తీసేవాణ్ణి మనం చూసుకోవాల."

మోటారు సంగతి ఆ రోజు ఇద్దరం మరిచిపోయాం.

అప్పటి నుంచి సోమవారం మొదలు శనివారం దాకా, మధ్యాహ్నం రెండు గంటలకు, మా అమ్మాయి టీవీకి పెట్టించిన ఇంటర్నెట్‌లో ఒక పాత సినిమా. మా ఆయన మిరపకాయల దుకాణానికి, అమ్మాయి ఆఫీసుకు వెళ్లిపోతే పది నుంచి ఏడు దాకా మా ఇంట్లో మనిషి గొంతు ఉండదు. మామ వచ్చినా మేము ఎక్కువ మాట్లాడుకునేవాళ్లమని కాదు. ఆయన తన నీళ్ల చెంబు తానే తెచ్చుకునేవారు. సినిమా నడుస్తుండగా కాఫీ ఇస్తే పుచ్చుకునేవారు కాదు. చూస్తున్నంతసేపూ కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఒకదానితో ఒకటి రాసుకుంటూ ఉండేవి. ఫిలిం అంచు ఇంకా అక్కడే ఉన్నట్టు.

ఏదైనా రాసి పెట్టుకోకపోతే నాకు తోచదు. ఒక నోటుబుక్కు తీసి మొహానికి ఒక పేజీ కేటాయించాను. పేర్లు తెలియవు కనుక మేమే పెట్టాం. చెమట పోలీసు, తడిగొడుగు ముసలామె, నిద్రమొగం గుమాస్తా. ఈ నిద్రమొగం ఆయన మాకు పద్నాలుగు సినిమాల్లో దొరికాడు. తొమ్మిదింట్లో హోటలు గుమాస్తాయే. ఒక్కసారి మాత్రం జడ్జీగా కనిపించాడు. మామ చప్పట్లు కొట్టారు.

"ప్రమోషన్ వచ్చింది చూడు మనోడికి!"

మా ఆయన రాత్రి అన్నం తింటూ ఎగతాళి చేసేవారు. "ఏమే, ఈరోజు ఏ దొరని కనిపెట్టినారు మీరిద్దరూ? రేషను కార్డు ఇప్పించేదా వాడికి?"

సినిమా అయిపోయిందని నేను ఒకరోజు రిమోటు తీసుకుంటే మామ చెయ్యి అడ్డం పెట్టారు. "పేర్లు అయిపోయేదాకా లేవకూడదు" అన్నారు. ఎందుకని అడిగితే చెప్పారు.

"ఫిలిం కొస ముందు పాడవుతుంది. శానా సినిమాల్లో నటుల పేర్లు ఆడనే వస్తాయి. జనం లేచి పోతా ఉంటారు, ఇంక పేర్లు ఎవరికి? చిరిగితే అతికించకుండా కత్తిరించి బుట్టలో ఏసేవాణ్ణి. ఎవరూ అడగలా. ఈ పొద్దు వాడి పేరేంది, వీడి పేరేంది అని కొట్టుకుంటా ఉండానే, ఆ పేర్లు కోసిందే నా కత్తెర అమ్మణ్ణీ."

ఆ తరువాత కాఫీ అడిగారు. ఆ రోజు నుంచి చివర వచ్చే పేర్లను ఆయన బడిలో హాజరు పిలిచినట్టు నిదానంగా, పైకి చదివేవారు. నేను రాసుకునేదాన్ని.

ఇక చెప్పలేకపోతున్నది చెప్పాలి. ఆయన పోయే ముందు శనివారం సినిమా అయిపోయి, పేర్లు మొదలు కాబోతున్నాయి. గంట మోగింది. మా ఆడపడుచు ఎన్నూరు నుంచి చెప్పకుండా వచ్చింది. పట్టపగలు ఒక ముసలాయనతో కూర్చుని ఇంగ్లీషు సినిమా చూస్తున్నానని ఆమె అనుకుంటుందని నాకు సిగ్గు వేసింది. టీవీ ఆపేశాను.

"రేపు చూద్దాం మామా."

రేపు ఆదివారమని ఇద్దరికీ తెలుసు.

"సరి సరి. సుట్టాలు వచ్చినారు, నువ్వు పో" అని గోడ పట్టుకుని మెట్లెక్కారు.

"ఎవరొదినా ఆయన?" అంది మా ఆడపడుచు.

"పైన అద్దెకుండే ఆయన" అన్నాను. అంతకంటే ఇంకేమైనా చెప్పి ఉండొచ్చు.

సోమవారం కూతురు వచ్చి ఉండడంతో ఆయన కిందికి దిగలేదు.

వీధి మలుపులో ఆయన పోయారని ఫోటోతో పోస్టరు అతికించారు. కూతురు, అల్లుడు, మనవళ్లు, తమ్ముళ్ల కుటుంబాలు, అందరి పేర్లూ ఉన్నాయి. కూరల సంచీ పట్టుకుని అడుగు దాకా చదివాను. నాలుగో రోజు రెండింటికి టీవీ పెట్టి, ఆ శనివారం మిగిలిపోయినదాన్ని చూశాను. ఒక్క నిమిషం కూడా లేదు. పేర్లు పైకి చదివాను. ఖాళీ హాల్లో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నిద్రమొగం గుమాస్తా ఆ సినిమాలోనూ ఉన్నాడు. పేర్లలో లేడు.

కర్మ అయ్యాక వాళ్లు ఆయన ఫోటో తీసుకుని, పైన తాళం వేసి మాధవరం వెళ్లిపోయారు. మరో నాలుగు రోజులకు ఒక మధ్యాహ్నం, సంపంగి దండ పొట్లం పట్టుకుని ఒక ముసలాయన గేటు దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, సారు ఇల్లు ఇదే దా? నిన్న బస్సులో పోతా ఉంటే గోడ మీద సారు మొగం చూసినా. కంపెనీలో నేను ఆయన ఎదుటి బల్ల. మీరు కూతురా?"

కింద పోర్షనని నోటి దాకా వచ్చింది.

"కాదండీ. మేమిద్దరం కలిసి సినిమాలు చూసేవాళ్లం" అన్నాను.

"అట్టనా! నాకు చెప్పనే లేదే."

"ఎవరికీ చెప్పేవారు కాదు."

"ఆమా, నిజమే, ఆయనంతే. ముప్పై ఏండ్లు ఎదురెదురుగా కూచున్నాం, కూతురు పెళ్లికి నన్ను పిలవడం మరిచిపోయినాడు" అని నవ్వి, తుండుతో కళ్లు తుడుచుకున్నాడు. తరువాత మెట్ల వంక చూశాడు. "నా మోకాళ్లు ఎక్కలేవమ్మా. మీరే వేయండి."

పైన తాళమని, ఫోటో లేదని నేను చెప్పలేదు. దండ రెండు చేతులతో తీసుకున్నాను. ఆయన మంచినీళ్లు తాగి, గోడ నీడన బస్టాపు వైపు వెళ్లాడు. కనబడినంతసేపు గేటు దగ్గరే ఉండి, తరువాత మెట్లెక్కాను. తలుపుకు మేకు లేదు. తాళం కప్పకే దండ తగిలించి, జారకుండా దారం ముడి వేశాను.

కిందికి వచ్చి మా తలుపు వేయలేదు. ఎండ మేడ తలుపు మీదికి తిరిగేసరికి సంపంగి వాసన ఒక్కో మెట్టూ దిగి హాల్లోకి వచ్చింది.