అచ్చుతప్పు ఈత

ఆ రోజుల్లో, అంటే అరవైల ఆఖర్లో, అచ్చయిన మాటకి తిరుగుండేది కాదు. పేపర్లో పడింది కాబట్టి నిజమే అనుకునేవారు జనం. అచ్చుకి ముందు ఆ మాట ఎన్ని చేతులు మారుతుందో, ఏ చేతిలో దాని కాలు విరుగుతుందో తెలిసిన మేం అంత తేలిగ్గా నమ్మేవాళ్ళం కాదు గానీ, తప్పు మనకి కలిసొచ్చేదైతే నోరు మెదిపేవాళ్ళమూ కాదు. నేను శ్రీకాకుళంలో కొత్తగా విలేఖరినైన ఏడు నాగావళి పొంగి పల్లపు వీధుల్లోకి నీళ్ళొచ్చాయి. "వరద నీటిలో కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళిన ఈ విలేఖరికి" అని వార్త మొదలుపెట్టి పంపాను. (నా దస్తూరీ కోడి కెలికినట్టుండేది. తప్పంతా కంపోజిటరుదే అనడం ధర్మం కాదు.) కంపోజింగులో కాళ్ళు ఎగిరిపోయాయి, ఈడ్చుకుంటూ కాస్తా ఈదుకుంటూ అయి కూర్చుంది. మర్నాడు జిల్లా అంతా వరద నీటిలో ఈదుకుంటూ వెళ్ళిన విలేఖరి గురించి చదివింది. సవరణ వెయ్యమని నేను ఉత్తరం రాయాలి. రాయలేదు. టీ కొట్టు దగ్గర ఇద్దరు ముగ్గురు నన్ను చూసి తలాడించిన తీరు నాకు నచ్చింది. విజయనగరంలో పుట్టి పెరిగిన నాకు నూతిలో చేద వెయ్యడం తప్ప నీళ్ళతో మరో పరిచయం లేదన్న సంగతి వాళ్ళకి తెలీదు.

ఆ ముక్క కత్తిరించి దాచుకున్న పెద్దమనిషి ఒకాయన పాతపట్నం అవతల కొండ కింద పల్లెలో ఉన్నాడని పెళ్ళిచూపులనాడు తెలిసింది. కాఫీ కన్నా ముందు దాన్నే తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మా ఊరోలందరికీ సదివి ఇనిపించాను బాబూ" అన్నాడు. నేను వినయంగా తల దించుకున్నాను. వినయాన్ని ఎవరూ నిలదీయరు కదా. ఆయనే నాకు మామగారయ్యాడు. పెళ్ళయ్యాక మనుగుడుపులకి వెళ్ళిన మొదటి రాత్రే భోజనాల దగ్గర ఆ ఇంటి ఆచారం ఒకటి బయటపడింది. కొండ అంచున ఊటగుండం ఉంది. దాని అడుగున నీరు పుట్టే చోటుని వాళ్ళు ఊటకన్ను అంటారు. వేసవికి కొన్న కొత్తకుండ కింద పరవడానికి ఆ కంటి దగ్గర ఇసక కొత్తల్లుడు మునిగి తేవాలి. మా తోడల్లుడు, తహసీలు ఆఫీసులో గుమస్తా, తన వంతు వచ్చినప్పుడు జలుబని చెప్పి గట్టు మీద కూర్చుండిపోయాడట. ఆనాటి నుంచి ఆయన పేరు గట్టుబావ. పదేళ్ళయినా ఆ పేరు పోలేదు. శుభలేఖల మీద తప్ప ఆయన అసలు పేరు ఎక్కడా కనబడదని మా బావమరుదులిద్దరూ నవ్వారు. "నీకేటి బావా, వరదే ఈదీసినోడివి. గుండం నీకో లెక్కా?" అన్నాడు పెద్దవాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. అత్తవారింట చిన్న గట్టుబావగా జీవితాంతం బతకడం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ మజ్జిగతో సరిపెట్టాను.

తెల్లారి కాఫీ గ్లాసు అందిస్తూ నా భార్య, పెళ్ళయ్యాక నాతో మాట్లాడిన ఏడో మాటో ఎనిమిదో మాటో అది, మెల్లిగా అంది: "గుండంలోన ఎడం పక్క నీటి కింద నల్లరాయి ఉన్నాది. దాని మీదే దిగండి." ఈతగాడికి రాయెందుకు అన్నట్టు ఒక నవ్వు నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. తరవాత ఊరంతా కాకపోయినా వీధంతా నా వెనక నడిచింది. జీడితోటలు దాటి ఎక్కితే గుండం. అంత తేటనీరు నేను అంతకు ముందు చూడలేదు, తరవాతా చూడలేదు. అడుగున గులకరాళ్ళు పళ్ళెంలో పోసినట్టున్నాయి. మధ్యన ఊటకన్ను దగ్గర ఇసక, ఎసట్లో బియ్యంలా కుతకుతా లేస్తోంది. చిన్న చిన్న చేపలు గాలిలో ఆగినట్టు ఆగున్నాయి. గట్టుబావ అప్పటికే ఒక రాతి మీద తువ్వాలు పరుచుకుని, ఆశగా, నావైపే చూస్తున్నాడు.

లోతు నడుం దాకా ఉంటుందనిపించింది. తేటనీరు అబద్ధం చెబుతుందని నాకెవరూ చెప్పలేదు. నడుంలోతు నీళ్ళలో నడిచి వెళ్ళి, వంగి, ఇసక తీసుకొచ్చేస్తే ఈత ప్రసక్తే రాదని లెక్క వేసుకున్నాను. గట్టు మీద కాసేపు ఆగేసరికి ఇంటి మామ్మ, "తొందర పెట్టకండర్రా, తొలీత కదా, నొప్పులుంటాయి" అంది. (ఆవిడ పాడిపశువుల మనిషి. ఈత అంటే ఆవిడకి గేదె ఈనడమే.) జనం గొల్లుమన్నారు. ఆ నవ్వుకి ఉడుక్కుని, ఎడం పక్క మాట మరిచి, కుడి పక్క నుంచి దర్జాగా అడుగు వేశాను. ఆ అడుగు ఆనలేదు. నిలువున్నర లోతులోకి గుడ్డలమూటలా వెళ్ళిపోయాను. మునిగేవాడికి గడ్డిపోచ ఆధారమంటారు, నాకు గడ్డిపోచ కూడా లేదు. చేతికి తగిలినదాన్ని పట్టుకుని కాళ్ళు ఎటు పడితే అటు తన్నాను. పైన "ఒరే, బావ ఊటకన్ను కాడికే ఎల్లిపోనాడురా!" అన్న కేక ఎక్కడో విన్నట్టు గుర్తు. మోకాలికి ఏదో గట్టిగా తగిలింది. దాని మీదకి పాకి నిలబడితే నీళ్ళు ఛాతీ దాకా. ఎడం పక్క నల్లరాయి. దగ్గొస్తోంది, కళ్ళు కనబడటం లేదు, కుడి పిడికిలి మాత్రం బిగిసే ఉంది. పెద్ద బావమరిది వచ్చి వేళ్ళు విప్పాడు. నిండా ఇసక! "తెచ్చీసినాడు! మా బావ తెచ్చీసినాడు!" చప్పట్లు, ఈలలు. మామగారు కండువాతో కళ్ళొత్తుకున్నారు. గట్టుబావ తువ్వాలు దులుపుకుని నావైపు చూడకుండా వెళ్ళిపోయాడు. చప్పట్లు కొట్టని మనిషి ఆడవాళ్ళలో ఒక్కతే కనిపించింది.

మధ్యాహ్నం నా భార్య తల తుడుచుకోడానికి పొడిగుడ్డ తెచ్చి, "రాయి దొరికిందా?" అంది. నాకు ఈత రాదని నీకెలా తెలుసన్నాను. "ఆ వార్త మూడో పేరాలో మీరే రాసినారు గదా, నీళ్ళు మోకాలి దాకా వచ్చినాయని. మోకాలిలోతులోన ఎవరేనా ఈదతారేటి?" మరి మీ నాన్నతో చెప్పలేదేం అంటే, "ఆయన మొదటి పేరాయే సదువుతారు" అంది. పెళ్ళికి ముందే తెలుసా అన్నాను, కాస్త భయంగా. "తెలుసు. అబద్ధమాడే మనిషయితే మూడో పేరా కూడా మార్చీసుందురు. అచ్చుతప్పేమో అనుకున్నాను." సవరణ ఉత్తరం సంగతి నేనెత్తలేదు. ఆవిడా అడగలేదు. వసారాలో కొత్తకుండ ఇసక మీద కూర్చుని చెమరుస్తోంది.

తరవాత ముప్పయ్యేళ్ళు ఇతరుల రాతలు దిద్దడమే నా బతుకుతెరువైంది. ఈత మాత్రం నేర్చుకోలేదు. మామగారు ఆ కత్తిరింపుని చివరిదాకా దాచుకునే వెళ్ళారు. బావమరుదులు తమ మనవలకి నా ఊటకన్ను కథ చెబుతుంటే నేను పాత వినయంతో తల దించుకుంటూనే ఉన్నాను. ఇక చాలనిపించి ఈ సవరణ రాస్తున్నాను: ఆ వార్తలో ఈదుకుంటూ అన్నచోట కాళ్ళీడ్చుకుంటూ అని చదువుకోగలరు. మా తోడల్లుడు ఇప్పుడు లేడు, ఉంటే ఆయనకే మొదట పంపేవాణ్ణి. రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. చివరిదాకా విని, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "నాలుగో పేరాలో నిలువున్నర అని రాసినారు. అక్కడ నాకే మెడ దాకా ఉండీది" అంది. ఆవిడ నాకన్నా జానెడు పొట్టి. కలం తీశాను, మళ్ళీ మూత పెట్టేశాను. ముందు అచ్చవనీ, సవరణ ఉత్తరం తరవాత రాస్తాను.