పేటెంటున్న పెట్టె

నా డైరీల్లో ఆయన్ని ‘పేటెంటాయన’ అనే రాసుకున్నాను. తిరువూరులో మా ఎదురింట్లో ఉండేవాడు. కరెంటు షాకు నుంచి కాపాడే పెట్టెలు తయారుచేసేవాడు. వాటి పేటెంటు పత్రాలకు ఫ్రేములు కట్టించి, దేవుడి పటాల కంటే ఒక జానెడు పైన తగిలించుకున్నాడు. పెట్టె పనిచేస్తుందా అని ఎవరడిగినా వాటివైపు వేలు చూపించి, “పేటెంటుందండీ” అనేవాడు.

నేను వాళ్ల వరండాలో పేపరు చదువుతుండగా ఒకరోజు పెనుగొలను నుంచి ఒక రైతు వచ్చాడు. చేలో మోటారు వేయబోతే వాళ్లావిడకి రెండుసార్లు షాకు కొట్టిందట.

“మళ్లీ కొడితే మనిషి దక్కదు సార్. ఈ పెట్టెని నమ్మొచ్చా?”

“పేటెంటుందండీ! నేను తడిచేత్తో వైరు ముట్టుకుంటాను. కరెంటు దానంతటదే ఆగిపోతుంది, చూడండి” అంటూ పేటెంటాయన చేతులు బకెట్లో ముంచాడు.

వంటింట్లోంచి ఆయన భార్య రబ్బరు చెప్పులు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

“ఆగండి! మొన్నటిలా ఎగిరి పడతారు. ముందు ఇవి తొడుక్కోండి.”

ఆయన బుద్ధిగా తొడుక్కున్నాడు. రైతు ఆ చెప్పులకేసి కాసేపు చూసి, ఆమెవైపు తిరిగాడు.

“ఇవి ఏ కొట్లో కొన్నారమ్మా?”

పేటెంటాయన నొచ్చుకున్నాడు.

“వాటికి పేటెంటు లేదండీ!” అన్నాడు.