మావయ్య జేబులో రాతిచెవి

మా మావయ్య పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను అచ్యుతాపురం వెళ్లే కంపెనీ బస్సులో ఉన్నాను. అత్తయ్య ఏడుస్తూ ఒకటే అడిగింది. "అల్లుడా, ఆయన నీకేదో పని అప్పగించేడంట కదా, సేసేవా?" చెయ్యలేదు. బస్సు నిండా మనుషులున్నారు కాబట్టి గానీ, లేకపోతే అక్కడే బావురుమనేవాణ్ణి. చిన్నప్పుడు మా నాన్న చనిపోతే, ఆ ఏడాదంతా నన్ను భుజాన వేసుకుని తిప్పినవాడాయన.

మీలో కొందరు ఆయన్ని చూసే ఉంటారు. చీకటి పడ్డాక, విశాఖపట్నం నుంచి వచ్చిన కుర్రకారుకి బొజ్జన్నకొండ మీద బౌద్ధుల గుహలు చూపిస్తూ దెయ్యాల కథలు చెప్పే ముసలాయన. వాళ్లు గోస్ట్ టూర్ అనేవాళ్లు. మావయ్య మాత్రం "డ్యూటీ" అనేవాడు. ఖాకీ చొక్కా, మెడలో మఫ్లరు. టార్చి ఎప్పుడూ నేల మీదికే వేసేవాడు. "పైకెయ్యకండి బాబూ, పడుకున్నోలు లేత్తారు." నవ్వుతూ ఎక్కినవాళ్లు ఆ మాటతో గప్‌చుప్.

కథలన్నీ ఆయన కల్పించినవే, ఒక్కటి తప్ప. మెట్ల పక్కన ఒక రాతిబొమ్మ ఉంది. కనుమనాడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లం వెళ్లి దాన్ని రాళ్లతో కొట్టేవాళ్లం. అది రాక్షసుడనీ, కొడితే ఏడాదంతా చెడు దగ్గరికి రాదనీ నమ్మకం. మా తాతలు కొట్టారు, మావయ్య కొట్టాడు. నేనూ శారదానదిలో ఏరి తెచ్చుకున్న నున్నటి తెల్లరాళ్లతో గురిచూసి కొట్టాను. అది బౌద్ధుల కాలపు బొమ్మ అని చదువుకున్నవాళ్లు వచ్చి చెప్పేదాకా మాకేం తెలుసు?

ఆ బొమ్మ దగ్గర మావయ్య టార్చి ఆర్పేసేవాడు. కాసేపటికి పైనెక్కడో ఒక రాయి దొర్లేది. "ఇన్నారా? మనం ఇసిరినియ్యే. ఎవలిది ఆలకి తిరిగొత్తన్నాది. కొట్టింది సాలు, దణ్ణమెట్టండి." అందరూ పెట్టేవాళ్లు. మేకలేమోలే అనుకుంటూ, ఆయనకి తోడు వెళ్లిన నేనూ పెట్టేవాణ్ణి.

పోయిన వానాకాలం, ఆయన ఆఖరిసారి కొండెక్కిన రాత్రి, జనం వెళ్లాక మెట్ల మీద కూలబడ్డాడు. చొక్కా జేబులోంచి చిన్న గుడ్డమూట తీసి విప్పాడు. రాతిచెవి. నా బొటనవేలంత ఉంది. తొమ్మిదేళ్లప్పుడు ఆయన విసిరిన రాయికి ఆ బొమ్మ నుంచి ఊడిపడిందట. అందరూ ఈలలు వేస్తుంటే దాన్ని ఏరి దాచుకున్నాడట.

"ఆయన కాడెట్టేద్దారనే ఈ డ్యూటీ ఒప్పుకున్నాన్రా. రోజూ అట్టుకెల్తాను. సెయ్యి రాదు. ఎట్టేనంటే కొట్టినోడెవడో తెలిసిపోద్ది."

"ఇప్పటిదాకా తెలీదంటావా మావయ్యా?" అని వెటకారం ఆడాను. నా నోరు పడిపోను!

ఆయన ముఖం పాలిపోయింది. "నిజమేరా. సెవి నా జేబులోనే ఉంది కదా. ఇన్నేళ్లూ నా మాటలన్నీ ఇంటన్నాడు." నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "నాను పోయేలోపు నువ్వట్టుకెళ్లి ఎట్టీ అల్లుడా. దీన్తో నన్ను పంపకండి."

అలాగేనన్నాను గానీ, మూట అప్పుడే తీసుకోలేదు. తర్వాత షిఫ్టులన్నాను, వానలన్నాను. నిజానికి భయపడ్డాను. ఆయన మంచం పట్టాక అత్తయ్య ఫోన్ చేసి చెప్పేది, రాత్రుళ్లు రాయి దొర్లుతున్న చప్పుడు వినబడుతోందంటున్నాడని. మొదట వీధి చివర అన్నాడట. ఆఖరి రోజుల్లో "మన అరుగు కాడికొచ్చీసింది" అన్నాడట. ఆదివారం తప్పకుండా వస్తానన్నాను. శుక్రవారం పోయాడు.

పెదకర్మ నాటి సాయంత్రం అత్తయ్య ఆ మూట నా చేతిలో పెట్టింది. దిండు కింద దొరికిందట.

చీకటి పడ్డాక ఒక్కణ్ణే వెళ్లాను. ఆయన నేర్పినట్టే టార్చి నేలకే వేశాను. చెవిని బొమ్మ పాదాల దగ్గర పెట్టి, "కొట్టింది మా మావయ్యే. అప్పటికి చిన్నపిల్లాడు. క్షమించు" అన్నాను. ఏమీ జరగలేదు. ఆకు కూడా కదల్లేదు. ఇంత చిన్న పని ఆయన బతికుండగా చెయ్యలేకపోయానే అని ఏడుపొచ్చింది.

దిగుతుంటే వెనక ఒక రాయి కదిలింది. ఒక్కో మెట్టే దిగుతూ వచ్చి నా మడమకు తగిలి ఆగింది. టార్చి అటు తిప్పి చూశాను. నున్నటి తెల్లరాయి. కొండ మీద అలాంటివి ఉండవు, శారదానదిలోనే దొరుకుతాయి.

ఇది రాస్తుంటే అది నా చొక్కా జేబులో ఉంది.