మా ఆవిడ బడిపంతులమ్మ కాదు

మా ఆవిడ పోయింది. ఇవాళ్టికి పదమూడు రోజులు. వారం రోజులు జ్వరం పడి, తను పాతికేళ్ళు పనిచేసిన ఆసుపత్రిలోనే, పొద్దున డాక్టరుగారు వచ్చే వేళకి కన్నుమూసింది. బెజవాడలో మా బట్టల కొట్టు ఎరిగినవాళ్ళు చాలామంది పరామర్శకి వచ్చారు. సగంమంది "పాపం, పంతులమ్మగారు" అన్నారు. వాళ్ళ తప్పేం లేదు, అలా చెప్పినవాణ్ణి నేనే. ఆమె పంతులమ్మ కాదు, నర్సు. ఈ ముక్క నలుగురికీ తెలియాలనే ఇది రాస్తున్నాను. ఒంట్లో ఓపిక లేదు. అయినా రాయాలి.

మాది నేత కుటుంబం. మిల్లుబట్ట వచ్చి మా మగ్గం మూలపడి, పూటకి పొయ్యి వెలగని రోజుల్లో ఆమె వెళ్ళి ఆ పని నేర్చుకుంది. ఆ తర్వాత నేను కొట్టు పెట్టాను, నలుగురిలో మనిషినయ్యాను. అయ్యాకే నాకు సిగ్గు మొదలైంది. పరాయి మగవాళ్ళ పుళ్ళు కడుగుతుందట, అన్ని కులాలవాళ్ళనీ ముట్టుకుంటుందట అని బజారులో అనుకుంటారేమోనని భయం. కొట్టుకొచ్చిన ఆసామి ఒకాయన అడిగితే, "మా ఆవిడ బళ్ళో చెబుతుందండీ" అనేశాను. నోరు జారిందంటే నమ్మకండి. ఆలోచించే అన్నాను.

ఆ సంగతి తెలిస్తే ఇంట్లో రభస అవుతుందనుకున్నాను. ఆమె నవ్వి ఊరుకుంది. మర్నాడు సాయంత్రం పెరట్లో స్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుంటూ వచ్చి, "ఏవండీ, ఇవాళ మా బళ్ళో ముగ్గురు పిల్లలు పుట్టారు" అంది. అప్పటినుంచీ అదే వరస. కలరా రోజుల్లో "మా బడికి సెలవుల్లేవండీ" అనేది. ఒకరోజు మాత్రం వచ్చీ రాగానే అరుగు మీద కూలబడింది. ఏమైందంటే, "ఒక పిల్లాడు బడి మానేశాడు" అంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇంటికి రాగానే ఉప్పు వేసిన వేణ్ణీళ్ళలో పాదాలు పెట్టుకుని కళ్ళు మూసుకునేది. కొత్తగా చేరిన నర్సులు సందేహాలు అడగడానికి ఇంటికే వచ్చేవారు. "గాయం కడిగేటప్పుడు మొహం చిట్లించకండమ్మా, రోగికి ఇంకా నొప్పెడుతుంది" అని వాళ్ళకి చెబుతుంటే విన్నాను. వాళ్ళు వెళ్ళాక, "ఇంక మానెయ్యరాదా, మనకిప్పుడేం తక్కువ?" అనేవాణ్ణి. ఒకసారి కళ్ళు తెరవకుండానే అడిగింది: "నా కాళ్ళు నొప్పెడుతున్నాయనా, మీ పరువు నొప్పెడుతోందనా?" కండువా వేసుకుని కొట్టుకి పోయాను.

ఐదేళ్ళ కిందట మా అమ్మాయికి మైలవరం సంబంధం వచ్చింది. పిల్లవాడి తండ్రీ, ఆయన తల్లీ చూడ్డానికి వచ్చారు. బస్సు ఆలస్యమై వాళ్ళు మా ఇల్లు చేరేసరికి మా ఆవిడ డ్యూటీ వేళ కావచ్చింది. ఆసుపత్రి మాట ఎక్కడ బయటపడుతుందోనని నేనే ముందుగా, మా ఆవిడ బళ్ళో పనిచేస్తుందని చెప్పేశాను. "ఏ బళ్ళోనండీ?" అన్నాడాయన. ఆమె కాఫీ గ్లాసులు కింద పెట్టి, "ఇక్కడే, ఊళ్ళోనేనండీ. వేళయింది, ఏమీ అనుకోకండి" అని వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా సంబంధం ఖాయమైంది. నా అబద్ధమే పిల్ల పెళ్ళి చేసిందని లోలోపల మురిసిపోయాను. పాడు బుద్ధి.

నిన్న పన్నెండో రోజు భోజనాలయ్యాక ఆ వియ్యంకుడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇంక దాచడం నావల్ల కాలేదు.

"బావగారూ, మీకో అబద్ధం చెప్పానండీ. మా ఆవిడ..."

"నర్సు. తెలుసండీ" అన్నాడాయన నెమ్మదిగా. "ఆ పెళ్ళిచూపులకి ముందటి ఏడు మా అమ్మ కాలు కుళ్ళి రెండు నెలలు ఆవిడ ఆసుపత్రిలోనే ఉంది. సొంతవాళ్ళం మేమే ముక్కు మూసుకున్నాం. చెల్లెమ్మగారు రోజూ కడిగి కట్టు కట్టారు. మీ ఇంట్లో నేను పోల్చుకోలేకపోయాను గానీ, చూడగానే అమ్మ గుర్తుపట్టింది. నోరు తెరవబోతే, వద్దని చెల్లెమ్మగారు కళ్ళతోనే చెప్పారు. తిరిగెళ్ళేటప్పుడు దారి పొడుగునా అమ్మది ఒకటే మాట, చేసుకుంటే ఈవిడ కూతుర్నే చేసుకోవాలని. ఇదంతా ఆవిడ మీకు చెప్పలేదా?"

"చెప్పలేదండీ" అన్నాను. ఇంక ఆపుకోలేక అందరి ముందూ ఏడ్చేశాను. ఏ పని పేరు చెప్పడానికి నేను సిగ్గుపడ్డానో ఆ పనిని చూసే వాళ్ళు మా పిల్లని కోరి చేసుకున్నారు. ఆ సంగతి తెలిసీ, నా మాట పోకూడదని, ఐదేళ్ళూ నా ఎదుట నవ్వుతూ బడీ బడీ అంటూనే ఉంది మహాతల్లి.

ఆ పెళ్ళిచూపుల మధ్యాహ్నం ఇప్పుడు కళ్ళముందు ఆడుతోంది. ఆమె గుమ్మం దాటుతుంటే, ఆ పెద్దావిడ గోడ పట్టుకుని, కాలు కూడదీసుకుని, మెల్లగా లేచి నిలబడింది. మా ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా అలాగే నిలబడి ఉంది. పాపం ముసలావిడకి నేల మీద కూర్చుని నడుం పట్టేసినట్టుందని, పీట తెమ్మని నేను లోపలికి కేకేశాను.