చేతులు వెనక్కి కట్టుకుని

పోయిన నెల మా నాయన వాళ్ల అన్న, మా పెద్దబాపు, పోయారు. శంషాబాద్‌లో ఆయన అందరికీ రిటైరైన టెలిఫోన్ మెకానిక్. నాకు మాత్రం, ఆదివారాల్లో గ్లైడర్ రెక్కలు నా ఒళ్లో పెట్టి, స్కూటర్ మీద ఊరు దాటించిన మనిషి.

గ్లైడర్ అంటే ఇంజన్ లేని చిన్న విమానం. రబ్బరు తాడుతో పైకి వదిలి, కింద నిలబడి రిమోట్‌తో నడపాలి. ఆయన తేలికపాటి కర్ర కోసి రెక్కలు అతికించి, వాటిపై రంగు ప్లాస్టిక్ ఫిల్మును ఇస్త్రీపెట్టెతో అంటించేవారు. ఆ ఇస్త్రీపెట్టె పెద్దమ్మది. దాని అడుగున మిగిలిన ఎర్రరంగు ఒకసారి ఆమె పట్టుచీరకు అంటుకుంది. "ఈ ఇంట్ల నాకన్న ఆ గ్లైడర్‌కే చీరలెక్కువ," అని పెద్దమ్మ ఇప్పటికీ అంటుంది.

విమానాశ్రయం తెరిచాక మా చుట్టుపక్కల ఎగరేయడం ఆయన తనంతట తనే మానేశారు. చేవెళ్ల అవతల ఒక బీడు వెతుక్కున్నారు.

"నెత్తిమీదకెల్లి దినమంత విమానాలు పోతుంటే, నువ్వు విమానం ఎగరేయనీకి చేవెళ్ల పోతవా అన్నా?" అని మా నాయన ఏడిపించేవారు.

"వాటిల్ల మనుషులుంటరు తమ్మీ," అనేవారు పెద్దబాపు. అంతకుమించి వాదన ఉండేది కాదు.

తర్వాత ఆయనకు చేతులు వణకడం మొదలైంది. మందులు వాడినా తగ్గలేదు. కింద వేళ్లు వణికితే పైన గ్లైడర్ కూడా వణుకుతుంది. ఒక ఆదివారం అది అలాగే తూలుతూ వచ్చి కందిచేనులో ముక్కు గుచ్చుకుంది. ఇక ఎగరేయరేమోనని నాకు భయం వేసింది. ఆ బీడు లేకుండా ఆయన ఎలా బతుకుతారో నాకు తోచలేదు.

వారం తర్వాత పిలిచారు. "చేతులు మాటింటలేవు బిడ్డా. ఇగ చేతులతోని పని లేనిదాన్ని చేస్త."

ఆ వానాకాలమంతా అదే పని. బ్లేడు పట్టడం నా వంతు, ఎక్కడ కోయాలో చెప్పడం ఆయన వంతు. ఈసారి రెక్కల కొసలు బాగా పైకి లేపి కట్టించారు. గాలికి ఒక పక్క ఒరిగినా, అలాంటి రెక్క తనే సర్దుకుంటుందట. వానలు వెలిశాక బీడుకు వెళ్లాం. గ్లైడర్ ఎత్తుకు చేరగానే ఆయన రిమోట్ నాకిచ్చేశారు. నేను మీటలు బిగపట్టి అటూ ఇటూ తిప్పుతుంటే గ్లైడర్ తూలింది.

"గుంజులాడకు. జర ఇడిసిపెట్టు."

వేళ్లు తీశాను. అది ఒకసారి ఊగి, సర్దుకుని, చుట్టూ తిరగసాగింది. పెద్దబాపు చేతులు వెనక్కి కట్టుకుని, తలెత్తి చూస్తూ నవ్వారు. "ఎవరన్న అడిగితే నేనే నడిపిస్తున్ననని చెప్పు." ఆ తర్వాత ప్రతి ఆదివారం అలాగే నిలబడేవారు. నేను ఆయనకు ఎంత రుణపడ్డానో ఆ నిలబడటం చూసినప్పుడల్లా అనిపించేది.

మొన్న ఆదివారం పెద్దమ్మ తనే అడిగింది, బీడుకు తీసుకుపొమ్మని. ఇన్నేళ్లలో ఆమె ఎప్పుడూ రాలేదు. నేను స్కూటర్ నడిపాను, ఆమె ఒళ్లో రెక్కలు పెట్టుకుని వెనక కూర్చుంది. గ్లైడర్ పైకి లేచింది. నేను మళ్లీ మీటలు బిగపట్టి తిప్పాను, అది తూలింది.

"ఏందే, గిట్ల ఊగుతున్నది? ఆయనుంటే ఏం చేస్తుండె?"

నేను వేళ్లు తీశాను. అది ఊగి, సర్దుకుని, మా నెత్తిమీద మెల్లగా తిరగసాగింది. ఆయన ఎలా నిలబడేవారో నేను ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. పెద్దమ్మ తలెత్తి చూస్తూ, చేతులు వెనక్కి కట్టుకుంది.